మీకు తెలుసా? పనిమీద మనసు పడేదెలా!

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, దేవరాపల్లిలోనైనా చోడవరంలోనైనా పిల్లలకు ఇంటికొచ్చిన ప్రతి చుట్టం నుంచీ ఒకటే ప్రశ్న: "నీకేం ఇష్టం? ఏమవుదామనుకుంటున్నావు?" పదిహేనేళ్ళ పిల్ల ఏం చెబుతుంది? చెప్పలేక తలొంచుకుంటుంది. తనకే ఏదో తక్కువైందని లోపల బాధపడుతుంది. ఆ బాధ అక్కర్లేదు. పనిమీద ప్రాణం పెట్టి పేరు తెచ్చుకున్నవాళ్ళ జీవితాలు తిరగేయండి, వాళ్ళలో చాలామందికి ఆ వయసులో తమకేం ఇష్టమో తెలియదు. పని చేతికొచ్చాకే దానిమీద మనసు పడింది. అలాంటి సంగతులు ఈసారి కొన్ని.

పాకం చూసే చేయి

రైవాడ జలాశయం దేవరాపల్లి మండలంలోనే, శారదా నదిమీద ఉంది. విశాఖ నగరం తాగే నీళ్ళలో ఆ నీళ్ళూ ఉన్నాయి. ఈ నది పొడవునా చెరకు పండుతుంది, చలికాలం వచ్చేసరికి గానుగల దగ్గర పొయ్యిలు వెలుగుతాయి. ఇక్కడి బెల్లం దిమ్మలు చేరేది అనకాపల్లి మార్కెట్‌కి. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అదొకటి.

బెల్లం వండటంలో అసలు పనితనమంతా చివరి కొద్ది నిమిషాల్లోనే ఉంటుందని మీకు తెలుసా? రసాన్ని పెనంలో పోసి, పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పి ఎగదోస్తారు. కాస్త సున్నం కలిపితే మురికి విరిగి పైకి తేలుతుంది, దాన్ని తీసి పారేస్తూ ఉండాలి. గంటలు గడిచేకొద్దీ రసం చిక్కబడి, నురగ రంగు మారి, బుడగలు పెద్దవై బద్ధకంగా పగులుతాయి. అప్పుడు ఒక చుక్క తీసి చన్నీళ్ళలో వేస్తారు. కరిగిపోతే ఇంకా కాలేదు. వేళ్ళమధ్య మెత్తని ఉండలా నిలిస్తే వెంటనే దించాలి. థర్మామీటరు పెడితే అది సుమారు 118 డిగ్రీల సెల్సియస్ చూపిస్తుంది. ముందే దించితే దిమ్మ గట్టిపడదు, ఆలస్యమైతే నల్లబడి రుచి చెడుతుంది.

ఈ పనిమీద మొదటి రోజే ఎవరికీ మనసు పడదు. కొత్తగా చేరిన కుర్రాడి వంతు పిప్పి మోయడం, పొయ్యి ఎగదోయడం, పొగకి కళ్ళు మండటం. అలా ఎన్నాళ్ళో గడిచాక పెనం దగ్గరి పెద్దాయన ఒకరోజు గరిటె వాడి చేతికిచ్చి, "ఒరే, ఈసారి నువ్వు చూసి చెప్పు" అంటాడు. వాడు చూసి చెబుతాడు. దిమ్మ బాగా కట్టిందంటే ఆ రోజు నుంచి వాడు గానుగ దగ్గరికి వచ్చే తీరే మారిపోతుంది. ఇష్టం ఎక్కడ మొదలవుతుందని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఆ గరిటె చేతులు మారిన ఘడియనే. పనివాడిని నమ్మి పని అప్పగించడం కన్నా దగ్గర దారి నాకు కనబడలేదు.

చోడవరంలో తండ్రిని పోగొట్టుకున్న పిల్లాడు

ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా ఎందుకు జరుపుతామో అందరికీ తెలుసు, అది గిడుగు రామమూర్తి పుట్టినరోజు. ఆయన కథలో చోడవరం కూడా ఉందన్న సంగతి మాత్రం ఈ చుట్టుపక్కలే చాలామందికి తెలియదు. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారాయన. తండ్రి వీర్రాజుగారు ఉద్యోగంమీద చోడవరం బదిలీ అయి, ఇక్కడే విషజ్వరంతో 1875లో కన్నుమూశారు. పన్నెండేళ్ళకే తండ్రి పోయిన పిల్లాడు మేనమామ ఆదరణలో పెరిగి, విజయనగరంలో చదువుకున్నాడు. అక్కడ తోటి విద్యార్థి గురజాడ అప్పారావు. మెట్రిక్యులేషన్ కాగానే 1880లో పర్లాకిమిడిలో బడిపంతులు ఉద్యోగంలో చేరారు. భాషాశాస్త్రం మీద మక్కువతో వెళ్ళలేదు, ఇల్లు గడవాలి గనుక వెళ్ళారు.

వెళ్ళాక చుట్టూ చూశారు. కొండలమీది సవరలు సంతలకి వస్తున్నారు, వాళ్ళకి చదువు చెప్పేవాళ్ళెవరూ లేరు. చెప్పాలంటే ముందు వాళ్ళ మాట రావాలి. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. అది ముండా కుటుంబానికి చెందిన భాష, తెలుగుకీ దానికీ చుట్టరికం లేదు. పుస్తకాల్లేవు, వ్యాకరణం లేదు. ఆయనే మాటలు ఏరి, కథలు, పాటలు సేకరించి, సవరల కోసం బళ్ళు పెట్టారు. కొండల్లో తిరుగుతూ మలేరియాకి క్వినైన్ వాడీ వాడీ చెవుడు తెచ్చుకున్నారు. భాష వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి అంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు. అయినా ఆగలేదు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి.

వ్యావహారిక భాషోద్యమం సంగతి కూడా ఇలాంటిదే. యేట్స్ అనే ఇంగ్లీషు దొర బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చి, జనం మాట్లాడే తెలుగుకీ పుస్తకాల తెలుగుకీ ఇంత తేడా ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్న గిడుగుని పట్టుకునేనాటికి ఆయనకి నలభై దాటాయి. మనం ఆయన్ని ఏ పనికి గుర్తుపెట్టుకున్నామో ఆ పని ఆయనకి నలభయ్యో పడిలో ఎదురైంది. పదోతరగతి పిల్లల్ని నిలదీసే చుట్టాలు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది.

కష్టమైన వ్యాసం ముందు పెడితే

2018లో పాల్ ఓకీఫ్, కెరొల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఒక పరీక్ష చేశారు. ముందుగా కృష్ణబిలాల గురించి సరదాగా, తేలిగ్గా ఉండే వీడియో చూపించారు. అందరికీ ఆసక్తి పుట్టింది. తరువాత అదే విషయం మీద కొరుకుడుపడని శాస్త్ర వ్యాసం చదవమన్నారు. ఇష్టమనేది పుట్టుకతో లోపలే ఉంటుంది, దాన్ని వెతికి పట్టుకోవడమే మన పని అని నమ్మినవాళ్ళ ఆసక్తి గబుక్కున పడిపోయింది. ఇష్టాన్ని పెంచుకోవచ్చని నమ్మినవాళ్ళది అంతగా పడలేదు. కష్టం ఎదురుకాగానే "ఇది నాకు రాసిపెట్టింది కాదు" అని పుస్తకం మూసే అలవాటు ఎక్కడినుంచి వస్తుందో ఈ పరీక్ష చెప్పింది.

విద్యార్థిగా చేరబోతే పంతులుగా వేశారు

విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల 1919లో మొదలైంది. తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఆ కాలేజీలో విద్యార్థిగా చేరాలని ఒక యువకుడు వెళ్ళాడనీ, వాయులీనం వాయించమని అడిగి విన్న దాసుగారు "నువ్వు నేర్చుకోవడానికి కాదు, నేర్పడానికి చేరు" అన్న భావంతో అతడిని అధ్యాపకుడిగా తీసుకున్నారనీ చెప్పుకుంటారు. ఆ యువకుడు ద్వారం వెంకటస్వామి నాయుడు. అప్పటికి వయసు 26.

1893లో బెంగళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగిన ద్వారంవారికి చిన్నప్పటినుంచీ చూపు మందం. అందువల్ల బడిచదువు సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య ఇంట్లోనే ఫిడేలు నేర్పారు. ఇదీ ఎంచుకున్న దారి కాదు, మిగిలిన దారి. ఆ మిగిలిన దారిలోనే ఆయన రోజుకి ఎన్నో గంటలు సాధన చేశారు. పక్కవాద్యంగా ఉన్న వాయులీనంతో సోలో కచేరీలు చేసి, దానికి నిండుసభలో సొంత పీట వేయించారు. 1936లో అదే కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు, 1957లో పద్మశ్రీ అందుకున్నారు.

మొదటి గురువు గొప్పవాడు కానక్కర్లేదు

అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం తమ రంగాల్లో శిఖరానికి చేరిన 120 మంది బాల్యాన్ని పరిశీలించి 1985లో పుస్తకం వేసింది. వాళ్ళలో పియానో కళాకారులు, శిల్పులు, ఈతగాళ్ళు, టెన్నిస్ ఆటగాళ్ళు, గణిత శాస్త్రవేత్తలు, నాడీ శాస్త్రవేత్తలు ఉన్నారు. వాళ్ళకి మొదట నేర్పినవాళ్ళు ఎవరు? చాలావరకు ఆ వాడలో ఉండే మామూలు టీచర్లు. పిల్లలంటే ఇష్టపడేవాళ్ళు, నవ్వుతూ, ఆడిస్తూ చెప్పేవాళ్ళు. కఠినంగా తీర్చిదిద్దే గురువులు ఆ తరువాత వచ్చారు. ముందు ఆట, ఆ తరువాత సాధన. ఆరేళ్ళ పిల్లాడిని తీసుకెళ్ళి ఫౌండేషన్ కోర్సులో కూర్చోబెట్టే తల్లిదండ్రులకు ఈ వరుస తెలియాలి.

అన్నదమ్ములను తినేసిన జబ్బు

యల్లాప్రగడ సుబ్బారావు పేరు వినని తెలుగువాడు ఉండకూడదు, కానీ ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టారు. పదమూడేళ్ళ వయసులో ఇంట్లోంచి పారిపోయారు, కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని! తల్లి వెంకమ్మగారు వెనక్కి రప్పించి బడికి పంపారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. తరువాత మనసు సన్యాసం మీదికి మళ్ళింది, రామకృష్ణ మఠంలో చేరిపోదామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. వ్యాపారం, సన్యాసం, వైద్యం... ఇరవై ఏళ్ళకి ఆయన్ని చూసినవాళ్ళెవరైనా "నిలకడ లేని కుర్రాడు" అనే అంటారు.

ఆ కుర్రాడిని ఒకచోట నిలబెట్టింది దుఃఖం. ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో రక్తం క్షీణించి మనిషి శుష్కించిపోయే ఉష్ణమండల స్ప్రూ వాళ్ళని బలి తీసుకుంది. ఖద్దరు కట్టి కాలేజీకి వెళ్ళినందుకు ప్రొఫెసర్ ఆగ్రహానికి గురవడంతో, పూర్తి డిగ్రీ బదులు ఎల్‌.ఎం.ఎస్‌. మాత్రమే దక్కింది. తరువాత అమెరికా చేరారు. బోస్టన్‌లో ఆస్పత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. శరీరంలోని భాస్వరాన్ని కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. జీవరసాయన విద్యార్థులు ఈనాటికీ ఆ పేరు చదువుతారు.

1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళారు. అక్కడ ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను వేరుచేసి, కృత్రిమంగా తయారు చేయగలిగింది. తన అన్నదమ్ములకు వచ్చిన స్ప్రూ చికిత్సలో పనికొచ్చే మందు అది! ఈనాడు మన పల్లెల్లో గర్భిణులకు ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేదీ అదే ఫోలిక్ యాసిడ్. ఉత్తరాంధ్రను ఏళ్ళతరబడి పీడించిన బోదకాలుకు ఇచ్చే డీఈసీ మాత్ర వెనుకా ఆయన బృందమే ఉంది. క్యాన్సర్ వైద్యంలో వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది. 1948లో, 53 ఏళ్ళకే ఆయన వెళ్ళిపోయారు. ఆయన బృందం తెచ్చిన మందు వేసుకుని కాళ్ళు కాపాడుకున్న కుటుంబాలు మన జిల్లాలో ఉన్నాయి. ఆ పేరు ప్రతి ఆరోగ్య ఉపకేంద్రం గోడమీదా రాసి ఉండాలని నా కోరిక.

ఒక చీరకు తొమ్మిదివేల సార్లు

పోచంపల్లి తరహా టై అండ్ డై చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారపు చట్రానికున్న మేకుల మధ్య పట్టుదారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పి చుట్టడమే ఆ పని. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చేయి ఆడించాలి. ఆ పని చేసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళే. ఆలేరు దగ్గర శారాజీపేటలో లక్ష్మమ్మ భుజం పట్టేసి బాధపడుతుంటే చూడలేకపోయాడు కొడుకు చింతకింది మల్లేశం. చదువు ఆరో తరగతితోనే ఆగింది. యంత్రాలంటే ముందునుంచీ పిచ్చి ఉండి కాదు, అమ్మ నొప్పి చూడలేక 1992లో యంత్రం తయారీకి దిగాడు. ఒక కదలిక కుదిరితే ఇంకోటి కుదిరేది కాదు. డబ్బులు అయిపోయేవి, ఊళ్ళో నవ్వేవాళ్ళు. హైదరాబాద్ వచ్చి కరెంటు పనులు చేసుకుంటుండగా, బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో యంత్రం కదలిక చూసి తనకి కావలసిన చిక్కుముడి విప్పుకున్నాడు. 1999లో ఆసుయంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకి దిగింది. దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ.

బట్టల వ్యాపారంలోంచి ఇలాగే ఇంకో కొత్త లోకం తెరుచుకుంది. హాలండ్‌లో డెల్ఫ్ట్ పట్టణంలో లేవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు ఉండేవాడు. నూలుపోగుల నాణ్యత చూడటానికి ఆ వ్యాపారులు భూతద్దాలు వాడేవారు. ఆయన ఆ అద్దాలు తానే అరగదీసుకోవడం పట్టుకుని, చివరికి చెరువు నీటిచుక్కలో కదిలే సూక్ష్మజీవులను చూశాడు. 1673 నుంచి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు.

బహుమతి చెడగొట్టిన బొమ్మలు

మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు. బొమ్మలు గీయడమంటే వాళ్ళకు ఇష్టమే. 1973లో అచ్చయిన అధ్యయనంలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ వాళ్ళలో కొందరికి "బొమ్మ గీస్తే రిబ్బన్ కట్టిన సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. ఇచ్చారు కూడా. ఒకటి రెండు వారాల తరువాత బహుమతి ఊసు లేకుండా రంగులు ముందు పెడితే, ఆ పిల్లలు మిగతావాళ్ళు గీసినంతసేపట్లో సగం సేపే గీశారు. చెప్పకుండా హఠాత్తుగా బహుమతి ఇచ్చిన పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు. ర్యాంకు వస్తే సైకిల్, ఫస్టొస్తే ఫోన్ అని బేరం పెట్టే ఇళ్ళలో దీన్ని గట్టిగా చదవండి.

ఒకే బల్ల, మూడు రకాల మనుషులు

ఒకే ఆఫీసులో ఒకే పని చేసేవాళ్ళంతా ఆ పనిని ఒకేలా చూస్తారా? ఏమీ వ్రెజెస్నీవ్‌స్కీ అనే పరిశోధకురాలు 1997లో ఆఫీసు సహాయకులను పరిశీలిస్తే దాదాపు మూడు సమభాగాలుగా తేలారు. కొందరికి అది నెలజీతం, కొందరికి పైకి ఎక్కే మెట్టు, కొందరికి జీవితంలో భాగం. పనీ అదే, బల్లా అదే. ఆస్పత్రి ఊడ్చేవాళ్ళలో కూడా ఇదే తేడా కనబడింది. కొందరు చెప్పిన పని చేసి వెళ్ళిపోయేవారు. కొందరు రోగిని పలకరించేవారు, దారి తెలియని బంధువులను వార్డు దాకా తీసుకెళ్ళేవారు, రోగి కోలుకోవడంలో తమకూ వాటా ఉందనుకునేవారు. పెద్దాస్పత్రిలో మనవాళ్ళని చేర్చినప్పుడు ఆ రెండోరకం మనిషి ఎదురైతే కలిగే ఊరట మనందరికీ తెలుసు.

ఇష్టాన్ని వాడుకునేవాళ్ళున్నారు, జాగ్రత్త

ఇది మాత్రం తప్పకుండా తెలియాలి. 2020లో అచ్చయిన డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనం ప్రకారం, ఎవరైనా ఇష్టంతో పనిచేస్తున్నారని తెలిస్తే వాళ్ళచేత జీతం లేకుండా అదనపు పని చేయించడం, సంబంధంలేని చాకిరీ అప్పగించడం తప్పు కాదని చూసేవాళ్ళు అనుకుంటారు. "వాళ్ళకి ఇష్టమేగా" అంటారు. ప్రైవేటు బడి టీచరమ్మకి, అంగన్‌వాడీ కార్యకర్తకి, తోలుబొమ్మలాట కళాకారుడికి సేవ, అంకితభావం అని పొగడ్త ఇచ్చి కూలి ఎగ్గొట్టడం మన దగ్గరా కొత్తేమీ కాదు. ఇది అన్యాయం. పనిని ప్రేమించే మనిషికి జీతం ఇంకాస్త గౌరవంగా, ఇంకాస్త వేళకి అందాలి. కూలి గిట్టకపోతే ఎంత ఇష్టమైన పనైనా చేతుల్లోంచి జారిపోతుంది. ఎన్ని చేతివృత్తులు అలా పోయాయో ఊరూరా చెబుతారు.

ఏటికొప్పాక రంగులు

అలా పోవలసిన వృత్తి ఒకటి మన అనకాపల్లి జిల్లాలోనే నిలబడింది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. అంకుడు కర్రను తిరిగే లేత్‌కి బిగించి, ఉలితో చెక్కి, ఆడుతున్న బొమ్మకి రంగు లక్క కడ్డీని ఆనిస్తారు. ఆ ఒరిపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. బ్రష్ అక్కర్లేదు, కళాకారుడి చేయి ఎంత నొక్కుతుందన్నదే అంతా.

ఈ బొమ్మల్లోకి రసాయన రంగులు వచ్చిపడ్డాయి, పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలవి. ఆ ఊరి వ్యవసాయ పట్టభద్రుడు సి.వి. రాజు కళాకారులతో కలిసి పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటివాటితో రంగులు తీసి, లక్కలో కలిసేదాకా ఏళ్ళతరబడి ప్రయోగాలు చేశారు. చదివింది వ్యవసాయం, మనసు పడింది రంగులమీద. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజుగారికి పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఈ బొమ్మలదే, దానికి మూడో బహుమతి దక్కింది.

దేవరాపల్లి, చోడవరం బళ్ళ ఉపాధ్యాయులకు ఒక విన్నపం. విహారయాత్రకు ఏటా అరకు ఉండనే ఉంది, ఈసారి ఒక పూట ఏటికొప్పాకకు కేటాయించండి. పిల్లల్ని లేత్ ముందు నిలబెట్టి, లక్క కడ్డీ ఒక్కసారి వాళ్ళ చేతికి ఇప్పించమని అడగండి. వచ్చేటప్పుడు తలా ఒక బొమ్మ కొనిపించండి, బేరమాడకుండా.